ఐదో వంతు టార్గెట్

నాగేశ్వరి ముప్పై ఒక్క ఏళ్లు సర్వే ఆఫీసులో ట్రేసరుగా పనిచేసింది. ఊళ్ల పటాల మీద పల్చటి కాగితం పరిచి, గట్లూ బాటలూ చెరువుకట్టలూ ఇంకుతో ఉన్నదున్నట్టు ఎక్కించడం ఆమె పని. గీత వెంట్రుకంత పక్కకు జరిగితే ఒకరి గుంట భూమి ఇంకొకరి పాలవుతుందని ఆమెకు తెలుసు. కంప్యూటర్లు వచ్చాక ట్రేసర్లతో అవసరం తీరిపోయింది. చివరి తొమ్మిదేళ్లూ ఫైళ్లకు నంబర్లు వేస్తూ గడిపింది. రిటైరయ్యాక తన కంపాసు పెట్టెను మన్సూరాబాద్ ఇంట్లో బీరువా అడుగున పెట్టేసింది.

ఆమె ఇంటి మేడ మీద బాపిరాజు కుటుంబం కిరాయికి ఉంటోంది. భీమవరం వైపు వాళ్లు. కూతురు సింధూర డిగ్రీ చదువుతూ ఐదేళ్లుగా విలువిద్య నేర్చుకుంటోంది. రోజూ పొద్దున్నే బడంగ్‌పేట్ అవతలి గ్రౌండుకు వెళ్లి డెబ్బై మీటర్ల దూరం నుంచి బాణాలు వేసేది. ఒకరోజు వెళ్లేసరికి గ్రౌండు చుట్టూ కంచె, లోపల ప్లాట్ల హద్దురాళ్లు. ఎంపిక పోటీలకు ఏడు వారాలే ఉంది. తిరిగొచ్చి మెట్ల మీద కూలబడింది.

"ఏంది బిడ్డా, గట్ల కూసున్నవ్?" అని అడిగింది నాగేశ్వరి.

సింధూర సంగతంతా చెప్పింది.

"మనింట్ల గేటుకాడికెళ్లి ఎనకగోడ దాక జాగుంది గద. గీడ ఎయ్యి."

"దగ్గర్నుంచి అయితే ఎవరైనా గురి కొట్టేస్తారు ఆంటీ. అదేం ప్రాక్టీసు?"

"నీ టార్గెట్ ఎంత పెద్దగుంటది?"

"నూట ఇరవై రెండు సెంటీమీటర్లు."

నాగేశ్వరి టేపు తెచ్చింది. ఒక కొస సింధూర పట్టుకుంది. బాణాలు దిగడానికి గోడకు ఆనించే మెత్తటి దిమ్మె మందం పోగా సరిగ్గా పద్నాలుగు మీటర్లు దొరికాయి.

"డెబ్బైల ఐదో వంతు. టార్గెట్ గూడ ఐదో వంతు జేద్దాం. ఇరవై నాలుగు పాయింట్ నాలుగు. కంటికి రెండూ ఒక్కతీరే ఔపడ్తయ్."

ఆ మధ్యాహ్నమే కంపాసు పెట్టె బయటికి వచ్చింది. పసుపు, ఎరుపు, నీలం, నలుపు, తెలుపు. పది వలయాలు, ఒక్కొక్కటి పన్నెండు మిల్లీమీటర్ల పైచిల్లర. మొదటి రెండు వలయాలూ చెరిపి మళ్లీ గీసింది. మూడో వలయానికి చెయ్యి కుదురుకుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ప్రింట్లు తీయిస్తే టార్గెట్ కాస్త చిన్నదిగా వచ్చింది. కాగితంలో ఇమడడానికి కంప్యూటరే కుదించిందని, సెంటీమీటరుకేం తేడా వస్తుందని అన్నాడు షాపతను. నాగేశ్వరి స్కేలు కౌంటరు మీద పెట్టి, "గదే తేడా. మల్ల తియ్యి," అంది. తీశాడు.

బాణాలు వేసేటప్పుడు గేటుకు తాళం, పక్క తలుపుకు గడియ. తాళంచెవి నాగేశ్వరి కొంగున ఉండేది. విల్లు మీద గురి చూసే సైటును డెబ్బై మీటర్లకు సరిచూసుకోవడానికి మాత్రం సింధూర రెండు ఆదివారాలు బతిమాలుకుని దూరాన ఉన్న వేరే గ్రౌండుకు వెళ్లొచ్చింది.

నాలుగో వారానికి డెబ్బై రెండు బాణాలకు, బాణానికి పది చొప్పున ఏడువందల ఇరవై మార్కులకు, ఆరువందల నాలుగు వచ్చాయి. "మా అమ్మాయి ఆరొందలు దాటేసిందండీ," అని బాపిరాజు వీధంతా చెప్పుకున్నాడు. నాగేశ్వరి మాత్రం వాడేసిన కాగితాలు ముందు పెట్టుకుని భూతద్దంతో చిల్లులు చూస్తూ కూర్చుంది. సాయంత్రం సింధూరను పిలిచింది.

"బాణం గీతకు తాకితె పెద్ద మార్కే ఏస్తున్నవా?"

"రూల్ అదే కదా ఆంటీ."

"రూలు పెద్ద టార్గెట్‌కు బిడ్డా. దూరం తగ్గించినం, టార్గెట్ తగ్గించినం. బాణం మందం తగ్గించలె. గందుకే ఊకె గీతకు తాకుతున్నది. చిల్లు నడుమ ఏడున్నదో చూసి లెక్కవెట్టు."

అలా లెక్కిస్తే అయిదువందల ఎనభై ఎనిమిదే వచ్చింది. సింధూర మేడెక్కి వెళ్లిపోయింది. రెండు రోజులు కిందికి దిగలేదు. చెప్పకుండా ఉంటే పోయేదేమో అని నాగేశ్వరికి ఒకటి రెండుసార్లు అనిపించింది. తప్పు గీతను చూసీ వదిలేయడం మాత్రం ఆమెకు ఏనాడూ చేతకాలేదు. మూడో రోజు పొద్దున సింధూర విల్లు పట్టుకుని వచ్చి, "తాళం వేయండి ఆంటీ. ఇకమీద మధ్య నుంచే లెక్కపెడదాం," అంది.

పోటీకి నాగేశ్వరి కూడా వెళ్లింది. డెబ్బై మీటర్ల మైదానాన్ని చూడడం ఆమెకు అదే మొదటిసారి. బాణాలు వేసే గీత వెనక నిలబడి ఒక కన్ను మూసి చూసింది. గేటు దగ్గర నుంచి రోజూ కనిపించినంతే ఉంది టార్గెట్. అయితే పొద్దున పది గంటలు దాటాక గాలి లేచింది. ఒక బాణం నలుపులోకి కొట్టుకుపోయింది. సింధూర విల్లు దించి, ఊపిరి పీల్చుకుని, మళ్లీ ఎత్తింది. చివరికి అయిదువందల ఎనభై మూడు. అంతకుముందు బయట గ్రౌండులో ఆమె ఎప్పుడూ అంత చేయలేదు. జట్టులోకి నలుగురిని తీసుకున్నారు. సింధూర ఐదోది.

ఇద్దరూ బస్సులో ఎల్బీనగర్ దాకా వచ్చారు. దిగాక సింధూర అంది, "గాలికి మనం ప్రాక్టీసు చెయ్యలేదు ఆంటీ."

"గాలిని కాయితం మీద గియ్యరాదు బిడ్డా. దానికి గ్రౌండే గావాలె."

బాపిరాజు వెతికి వెతికి ఊరవతల ఒక గ్రౌండులో శని, ఆదివారాలకు అనుమతి సంపాదించాడు. మిగతా రోజులు గేటు దగ్గరే. మరుసటి ఏడాది సింధూర మూడో స్థానంలో జట్టులోకి వచ్చింది.

ఆ తర్వాత సైదాబాద్ నుంచి రమ్య అనే అమ్మాయి, విలువిద్య నేర్చుకుంటున్నానని, తనకూ ఇలాంటి టార్గెట్ గీసిమ్మని నాగేశ్వరిని వెతుక్కుంటూ వచ్చింది. వాళ్లింటి సందు పది మీటర్లు ఉంటుందట.

"టేపుతోని కొలిచినవా, అడుగులేసి చెప్తున్నవా?"

అడుగులేసే అని ఒప్పుకుంది రమ్య. నాగేశ్వరి చెప్పులు వేసుకుని, టేపు సంచిలో పెట్టుకుంది.