రెయిలింగ్ పైపు కోసిన మధ్యాహ్నం

మొన్న ఆదివారం మా అమ్మాయి తన గరాజ్‌లోంచి వీడియో కాల్ చేసింది. పూలకుండీల స్టాండు కోసం ఇనుప గొట్టాలు కోస్తోందట. చేతిలో బ్యాటరీ గ్రైండర్, ముఖానికి షీల్డు. “నాన్నా, ఇన్ని స్పార్క్స్ రావడం నార్మలేనా?” అని తన అమెరికన్ యాసలో అడిగింది. నార్మలే అన్నాను గాని, ఆ కీచుమనే చప్పుడుకు నా మనసు ఈ డబ్లిన్ ఊరు వదిలి, అమెరికాలోనే మేము మునుపు అరోరాలో కాపురమున్న రోజుల్లోకి వెళ్లిపోయింది.

ఆ చలికాలం మా ఆవిడ గుమ్మం ముందు మంచు మీద జారి చీలమండ విరగ్గొట్టుకుంది. మా మెట్లకు పట్టుకోవడానికి ఏ ఆధారమూ లేదు, రెయిలింగ్ బిగించేవాళ్లేమో చలి తగ్గేదాకా రామన్నారు. డాక్టర్ దగ్గరకు వెళ్లాల్సిన ప్రతిసారీ నేనామెను ఎత్తి దించుతుంటే, ఇద్దరమూ కలిసి పడతామేమోనని ఆమె గట్టిగా కళ్లు మూసుకునేది. అది చూడలేక స్టీలు రెయిలింగ్ ఒకటి నేనే కొనుక్కొచ్చాను. తీరా చూస్తే పైపు మా మెట్లకు మించిన పొడుగు. కోయాలంటే యాంగిల్ గ్రైండర్ కావాలన్నారు షాపువాళ్లు, అదీ కొన్నాను.

అప్పటిదాకా కీబోర్డు తప్ప మరో పనిముట్టు ఎరగని చేతులు నావి. పెట్టె విప్పితే సన్న డిస్కులూ, మందపు డిస్కులూ కనిపించాయి. దేంతో కోయాలో, దేంతో అరగదీయాలో తెలియలేదు. డిస్కును సగం కప్పే రేకు ఒకటి చూపుకు అడ్డమొస్తోందని విప్పి పక్కన పెట్టాను. మా గరాజ్‌లోకి తెరుచుకునే వంటింటి తలుపు దగ్గర కుర్చీలో కూర్చున్న మా ఆవిడ అప్పుడు నోరు విప్పింది.

“ఆ గార్డు తీసేశారేంటండీ? అది లేకుండా ప్లగ్గు పెట్టకండి.”

ఆ తర్వాత ఆమె చెబుతుంటే నేను అయోమయంగా చేసుకుపోయాను. కోతకు సన్న డిస్కే, దాని మీద రాసిన వేగం మెషీన్ వేగం కన్నా తగ్గకూడదు, గార్డు డిస్కుకూ మనిషికీ మధ్య ఉండాలి. పాలిస్టర్ ఫ్లీస్ జాకెట్ నిప్పురవ్వలకు కరుగుతుందని విప్పించి నూలు చొక్కా తొడిగించింది, కళ్లద్దాల మీద షీల్డు పెట్టించింది, గడ్డి కోసే మెషీన్ పెట్రోలు డబ్బాను బయట పెట్టించింది. ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసే మనిషికి ఇవన్నీ ఎలా తెలుసని అడిగితే, “ముందు పని చూడండి” అంది.

పైపును రెండు చివరలా రెండు స్టూళ్ల మీద ఆనించి బిగించాను. కారు అడ్డంగా ఉండటంతో అది ఆమెకు కనిపించలేదు. మెషీన్ పూర్తి వేగం అందుకున్నాక రెండు చేతులతో పట్టుకుని మెల్లగా ఆనించాను. రవ్వలు కిందికి జల్లుగా రాలుతుంటే భయం కాస్త తగ్గింది. కోత చివరికొస్తుండగా ఉన్నట్టుండి పైపు మధ్యలో కుంగి డిస్కును నొక్కిపట్టేసింది. మెషీన్ నా చేతుల్లో ఎగిరిపడింది, టపుక్కున డిస్కు పగిలి ఒక ముక్క గార్డుకు కొట్టుకుని కింద పడింది.

“ప్లగ్గు పీకండి!” అని ఆమె కేక. నేను పీకి తిరిగేలోగా, క్రచెస్ సంగతి మరిచి ఒంటికాలి మీద కారు పట్టుకుని వచ్చేసింది. నా షీల్డు లాగేసి, రెండు చేతులతో ముఖం పట్టుకుంది.

“కళ్లు తెరవండి. నా వేలు కనబడుతోందా?”

కనబడుతోందన్నాను. అయినా ఆమె నా ముఖం వదల్లేదు. వాళ్ల నాన్నకు ఒకప్పుడు విజయవాడ ఆటోనగర్‌లో కిటికీ గ్రిల్స్ చేసే షాపుండేదనీ, తను బడి నుంచి వచ్చి అక్కడే కూర్చునేదనీ, ఒకరోజు తన కళ్లముందే డిస్కు పగిలి ఆయన కన్ను పోయిందనీ అప్పుడు చెప్పింది. నాకు తెలిసిన మామగారు పుస్తకాల షాపు నడిపే మనిషి. ఆ కన్ను చిన్నప్పుడు జ్వరమొచ్చి పోయిందని పెళ్లిచూపుల్లో చెప్పారు. ఇన్నేళ్ల కాపురంలో ఆ మాట ఎందుకు సరిదిద్దలేదో, ఎవరు దాచమన్నారో నాకు అంతు చిక్కలేదు.

“తర్వాత చెబుతాలెండి. పైపు ఇలా కాదు పెట్టేది” అంది.

కోతకు దగ్గరగా బిగించి, తెగిపోయే ముక్కను గాల్లో వేలాడనివ్వమంది. ముక్క కిందికి వంగేకొద్దీ కోత విచ్చుకుంటుంది, డిస్కు ఇరుక్కోదు. కొత్త డిస్కు వేసి, దాని వరసకు పక్కగా నిలబడి, నొక్కకుండా కోశాను. ముక్క ఖంగుమని రాలింది. డిస్కు పూర్తిగా ఆగేదాకా మెషీన్ కింద పెట్టనివ్వలేదు. పైపు చల్లారాక అంచును ఆకురాయితో తనే నున్నగా రుద్దింది.

ఆ వారం ఆమె రెయిలింగ్ పట్టుకుని, కళ్లు తెరిచే మెట్లు దిగింది. నేను చెయ్యి చాచి కిందే నిలబడ్డాను, ఆమెకు దాని అవసరం పడలేదు.

ఆ ‘తర్వాత’ మాత్రం రాలేదు. ఆఫీసు డెడ్‌లైన్లు, వీసా రెన్యువల్, పిల్లల క్లాసులు. మాట్లాడుకున్నదల్లా ఎవరిని ఎవరు పికప్ చేయాలన్నదే. మామగారూ కాలం చేశారు. ఇప్పుడు ఇద్దరం రిటైరయ్యాం, పొద్దస్తమానం ఎదురెదురుగానే కూర్చుంటాం. ఈమధ్య ఆ షాపు గురించి అడిగితే, “అవన్నీ ఇప్పుడెందుకండీ, సరిగ్గా గుర్తు కూడా లేవు” అంది. నిజంగా మరిచిపోయిందో, నేను అడగవలసిన కాలం దాటిపోయిందో తెలియక, ఆమె ముఖంలోకి చూస్తూ కూర్చున్నాను.