ఎక్స్‌రే బాబాయి అరనిమిషం

ఎక్స్‌రే బాబాయికి సిగరెట్టు లేదు, పేకాట లేదు, ఒకరి మీద ఒకరికి చాడీలు చెప్పే సరదా అంతకన్నా లేదు. ఉన్నది ఒకే ఒక్క జబ్బు. కట్టి ఉన్న పొట్లం చేతికొస్తే చాలు, అందులో ఏముందో పైకి చెప్పేయకుండా ఉండలేడు.

ఇలాంటి జబ్బున్న మనిషి ఏ బ్యాంకులోనో బడిలోనో పనిచేస్తే లోకానికి నష్టం లేదు. ఈయన పనిచేసేది పార్సిల్ ఆఫీసులో. ఇరవయ్యారేళ్లుగా రోజుకి మూడొందల పార్సిళ్లు ఎత్తి, దించి, అరల్లో సర్దిన చేతులవి. ఎత్తితే బరువు, వంచితే ఆకారం, చెవి దగ్గర పెట్టుకుని ఊపితే వస్తువు తెలిసిపోయేవి. ఒకసారి ఒక పెద్దమనిషి అట్టపెట్టె తెచ్చి, లోపల పుస్తకాలున్నాయని రాయించాడు. బాబాయి పెట్టెని ఇటు వంచి, అటు వంచి, "తేనె సీసాలండీ, ఆరు. మూడోదాని మూత వదులుగా ఉంది" అన్నాడు. పెద్దమనిషి అక్కడే పెట్టె విప్పి, మూత బిగించుకుని, ఎవరి ముఖమూ చూడకుండా వెళ్లిపోయాడు. పుస్తకాలని ఎందుకు రాయించాడో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

బయటివాళ్ల పార్సిళ్లతో ఆగినా బాగుండేది. కానీ ఆ ఆఫీసులో ఏటా క్రిస్మస్‌కి కానుకలు ఇచ్చిపుచ్చుకునే కార్యక్రమం ఒకటుంది. నెల ముందే మేనేజరు దగ్గర్నుంచి సర్క్యులర్ వస్తుంది. "సిబ్బంది అందరూ స్వచ్ఛందంగా, సంతోషంగా పాల్గొనవలెను. పాల్గొననివారు కారణం రాతపూర్వకంగా తెలుపవలెను" అని ఉంటుంది అందులో. అందరి పేర్లూ చీటీల మీద రాసి బిస్కెట్ల డబ్బాలో వేస్తారు. ఎవరి చీటీ వస్తే వాళ్లకి రహస్యంగా కానుక కొనాలి. ఆ రహస్యం సాయంత్రం టీ దాకా కూడా నిలవదు, అది వేరే సంగతి. పదేళ్లు పక్కపక్కన కూర్చున్నా ఎవరికేది ఇష్టమో ఎవరికీ తెలియదు కాబట్టి అందరూ అందరికీ కప్పులు, కొవ్వొత్తులు, ఫొటో ఫ్రేములు కొంటారు. ఒక వంకాయరంగు కొవ్వొత్తి అయితే ఆరేళ్లుగా ఆఫీసులోనే చేతులు మారుతోంది. దాన్ని వెలిగించే సాహసం ఇంతవరకూ ఎవరూ చెయ్యలేదు.

వయసులో పెద్దవాడని కానుకలు పంచే పని బాబాయికి అప్పజెప్పారు. దొంగ చేతికి తాళాలిచ్చినట్టయింది. ఒక కాలు విరిగిన ప్లాస్టిక్ చెట్టు, దాని కింద ఎత్తుకి పాత రిజిస్టరు, పక్కన బల్ల, బల్ల మీద పొట్లాల కుప్ప, కుప్ప పక్కన బాబాయి. ఒక్కో పొట్లం తీస్తాడు, పేరు చదువుతాడు, ఊపుతాడు.

"అకౌంటెంటు గారూ, కొవ్వొత్తి."

"వంకాయరంగుదా బాబాయ్?"

"అదే."

"మళ్లీ నాకేనా?"

"మళ్లీ మీకే."

పోనీ చెప్పినవాడు వెంటనే ఇచ్చేస్తాడా అంటే అదీ లేదు. రిబ్బను జారిందనో, ముడి వదులైందనో ఏదో వంక పెట్టుకుని, పొట్లాన్ని నిమురుతూ అరనిమిషం నిలబడతాడు. ఆ తరవాతే చేతికిస్తాడు. అకౌంటెంటు విప్పి, కొవ్వొత్తిని పైకెత్తి, "అబ్బ, ఎంత బాగుందో" అని పళ్లన్నీ కనబడేలా నవ్వాడు. ఇచ్చినవాడు మూలన కూర్చుని తెగ సంతోషపడ్డాడు.

ఆఫీసుకి మాత్రం ఒళ్లు మండేది. ముందే చెప్పేస్తే ఇక విప్పడమెందుకని గొణిగేవాళ్లు. బాబాయిని ఎలాగైనా ఓడించాలని గోడౌను గుమాస్తా ఒక ఏడాది పంతం పట్టాడు. ఒక పెన్ను కొని, దాని మీద ఇటుక పెట్టి, చుట్టూ దూది కుక్కి, నాలుగు కాగితాలు చుట్టి తెచ్చాడు.

"ఇటుక" అన్నాడు బాబాయి ఎత్తీ ఎత్తకముందే. "కింద పెన్ను. ఇటుక మన సైకిల్ షెడ్డు గోడది. సాయంత్రం తిరిగి పెట్టేయండి, గోడ కదులుతోంది."

అలాంటి ఆఫీసులో ఒక ఏడాది లేబుళ్లమ్మాయి చేరింది. పార్సిళ్ల మీద చిరునామాలు రాసి అతికించడం ఆమె పని. డిసెంబరు చివరిదాకా ప్రొబేషను. ఆ పైన ఉద్యోగంలో ఉంచుకోవడమా, ఇంటికి పంపడమా అన్న కాగితం మేనేజరు బల్ల మీద సంతకం లేకుండా పడి ఉంది. భర్త పాత ఉద్యోగం వదిలి కొత్తది వెతుక్కుంటున్నాడు కాబట్టి ఇంట్లో అత్తగారితో సహా అందరి కళ్లూ ఆ కాగితం మీదే ఉన్నాయి.

బిస్కెట్ల డబ్బాలో చెయ్యి పెట్టి తీస్తే ఆమెకి మేనేజరు చీటీయే వచ్చింది.

మేనేజరుకి కానుక కొనడం మామూలు గండం కాదు. ముందటేడు ఒకడు ఆయనకి దువ్వెన కొన్నాడు. ఆయన నెత్తి మీద దువ్వెనకి దొరికేది ఏమీ లేదన్న సంగతి ఆ తొందరలో గుర్తురాలేదు. జనవరి ఒకటో తారీకు నుంచి ఆ మనిషి నేలమాళిగలో, తిరిగొచ్చిన పార్సిళ్ల మధ్య పనిచేస్తున్నాడు. టీకి మాత్రం పైకొచ్చి వెలుతురు చూసి వెళతాడు.

లేబుళ్లమ్మాయి వారం రోజులు బజారంతా తిరిగింది. గడియారమిస్తే ఆలస్యంగా వస్తారని ఎత్తిచూపినట్టు. పుస్తకమిస్తే చదువు తక్కువన్నట్టు. చొక్కా ఇస్తే మరీ చనువు. ఆఖరికి నున్నగా పాలిష్ పెట్టిన చెక్క పెన్నుల స్టాండు కొని ఊపిరి పీల్చుకుంది. ఇంట్లో వేరే పెట్టె లేక దాన్ని పాత చెప్పుల డబ్బాలో పెట్టింది. ఆ పక్కనే అలాంటిదే ఇంకో డబ్బాలో అత్తగారి చెప్పులున్నాయి.

"అమ్మాయ్, ఎడమ చెప్పు పట్టీ తెగింది. ఆఫీసుకి వెళ్తూ వెళ్తూ అక్కడి మలుపులో చెప్పులు కుట్టే తాతకిచ్చి వెళ్లు" అంది అత్తగారు పొద్దున్నే.

"అలాగే అత్తయ్యా" అని, ఒక డబ్బాకి గబగబా ఎర్ర కాగితం చుట్టి, రెండో డబ్బా తాతకిచ్చి, ఫోన్ నంబరు చెప్పి, ఆమె ఆఫీసుకి పరిగెత్తింది.

మధ్యాహ్నం నాలుగింటికి అందరూ చెట్టు చుట్టూ చేరారు. ఎర్ర పొట్లం కుప్పలో కూర్చుంది. మేనేజరు గొంతు సవరించుకుని, "మనమంతా ఒకే కుటుంబం" అని మొదలుపెట్టాడు. అప్పుడే లేబుళ్లమ్మాయి ఫోన్ మోగింది. ఆమె బల్ల చివరికి జరిగి మెల్లిగా ఎత్తింది. తాతకి చెముడు. లోకానికంతా చెముడని ఆయన నమ్మకం.

"అమ్మా, చెప్పులు కుట్టే తాతని. డబ్బా విప్పితే ఏదో చెక్క సామానుంది. దీనికి పట్టీ ఎక్కడ కుట్టమంటారు?"

డబ్బాలు తారుమారయ్యాయని ఆమెకి అర్థమైంది. ఫోన్ కట్టేసి పక్కకి చూస్తే, రెండడుగుల దూరంలో బాబాయి వంగి ఎవరిదో రిబ్బను సరిచేస్తున్నాడు. విన్నాడో లేదో తెలియలేదు. ఎర్ర పొట్లం తీసేద్దామంటే అది మేనేజరు మోచేతి పక్కనుంది.

ఉపన్యాసం అయింది, పంపకం మొదలైంది. "కప్పు." "ఫొటో ఫ్రేము." "కప్పు, పిడి విరిగింది, దారిలోనే విరిగి ఉంటుంది." ఒక్కో పొట్లం తగ్గుతుంటే లేబుళ్లమ్మాయి మిగిలినవి లెక్కపెడుతోంది. బాబాయి చెప్పడం మానడు. చెప్పింది తప్పదు. పనికి చేరి ఏడాది తిరక్కుండానే పై అధికారికి పాత చెప్పులు ఇచ్చిన మనిషిగా మిగిలిపోతుంది తను. నేలమాళిగ కూడా దక్కదు.

బాబాయి ఎర్ర పొట్లం ఎత్తాడు. "మేనేజరు గారికి" అని చదివాడు. ఊపాడు. వాసన చూశాడు. నోరు విప్పలేదు. అరనిమిషం దాటింది, నిమిషమైంది.

"ఏమయ్యా, ఏముంది?" అన్నాడు మేనేజరు.

"చెప్పులు సార్."

"ఏంటీ?"

"చెప్పులు. పాతవి. ఎడమదాని పట్టీ తెగింది."

గదిలో ఎవరూ కదల్లేదు. నేలమాళిగ మనిషి ఒక్కడే, తనకి తోడు దొరుకుతుందన్న ఆశతో అందరి ముఖాలూ చూస్తున్నాడు. లేబుళ్లమ్మాయి కళ్లు మూసుకుంది.

"నావే సార్" అన్నాడు బాబాయి.

ఆమె కళ్లు తెరిచింది.

"ఈ అమ్మాయి పొద్దున తన డబ్బా నా చేతికిచ్చి బల్ల మీద పెట్టమంది సార్. నా దగ్గర చెప్పుల డబ్బా ఉంది, కుట్టించడానికి. నేను పప్పులో కాలేశాను. ఆమెది తాతకిచ్చి, నాది ఇక్కడ పెట్టాను."

"చెప్పులకి ఎర్ర కాగితం ఎందుకు చుట్టావు?"

"ఇరవయ్యారేళ్ల అలవాటు సార్. చుట్టకుండా ఏదీ పట్టుకెళ్లలేను."

మేనేజరు కాగితం చింపి డబ్బా తెరిచాడు. రెండు చిన్న చెప్పులు బయటికొచ్చాయి. ఒక్కోదాని మీద ఒక్కో గులాబీరంగు పువ్వు. బాబాయి పెళ్లి చేసుకోలేదనీ, ఒంటరిగా ఉంటాడనీ, తొమ్మిదో నంబరు పాదాలనీ ఆఫీసులో తెలియనివాళ్లు లేరు.

"ఇవి నీవా?"

"నావే సార్."

"ఐదో నంబరు."

"ఇంట్లో వేసుకుంటాను సార్. మడమ బయటే ఉంటుంది."

"పువ్వు కూడా ఉందేమయ్యా?"

"పువ్వుంటే వేసుకోకూడదని సర్క్యులర్ ఏమైనా ఉందా సార్?"

మొదట మేనేజరు భుజాలు కదిలాయి. తరవాత పొట్ట కదిలింది. ఆ తరవాత ఆయన కుర్చీ చేతులు పట్టుకుని, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. మేనేజరు నవ్వితే నవ్వాలన్నది రాయని సర్క్యులర్ కాబట్టి ఆఫీసంతా నవ్వింది. ఈలోగా బాబాయి వీధి మలుపులో తాత దగ్గరికి వెళ్లి స్టాండు తెచ్చాడు. ఏ కాగితమూ చుట్టకుండా చేతిలో అందరికీ కనబడుతున్నా, ఊపి మరీ, "పెన్నుల స్టాండు సార్" అన్నాడు. మేనేజరుకి అది నచ్చింది. ఆ నవ్వులో ఆయనకి కర్రముక్క ఇచ్చినా నచ్చేది. నాలుగు రోజుల తరవాత ఆ స్టాండులోంచి తీసిన పెన్నుతోనే లేబుళ్లమ్మాయి కాగితం మీద సంతకం పెట్టాడు.

సాయంత్రం అందరూ వెళ్లాక ఆమె బాబాయి దగ్గరికొచ్చింది.

"ఫోన్ విన్నారు కదూ?"

"వీధి వీధంతా విందమ్మా."

"మరి లోపల గాజు గ్లాసుందని చెప్పి, కుప్ప వెనక్కి తోసేయొచ్చు కదా బాబాయ్? అందరిలో నవ్వులపాలు కావడమెందుకు?"

"లోపల ఏముందో తప్పు చెప్పడం నా వల్ల కాదమ్మా" అన్నాడు బాబాయి నిజంగానే కంగారుపడుతూ. "అది ఎవరిదన్నది మాత్రం తప్పు చెప్పమంటే చెప్పగలను."

"అసలు ముందుగా చెప్పడమెందుకు? అందరూ తిట్టుకుంటున్నారు."

బాబాయి కింద పడ్డ రిబ్బను ముక్కలు ఏరడం మొదలుపెట్టాడు. "మొదటి ఏడాది నాకొక పొట్లం వచ్చింది. ఎవరూ ఏమీ చెప్పలేదు. విప్పితే మేజోళ్లు. చేత్తో అల్లినవి. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. నా ముఖం ఎలా పెట్టానో నాకు తెలియదు. అల్లినావిడ ఎదురుగానే ఉంది. ఊడ్చే ఆవిడ. పాపం, ఆవిడ ముఖం చూశాక తెలిసింది, నా ముఖం ఎలా ఉందో. మరుసటేడు ఆవిడ చీటీ తియ్యలేదు. నాకు చాలా సిగ్గేసిందమ్మా."

"అందుకని..."

"ముందే తెలిస్తే ముఖం సర్దుకోవడానికి కాస్త టైముంటుంది కదా. అరనిమిషం చాలు. అకౌంటెంటు గారికైతే పావు నిమిషమే చాలు, అలవాటైపోయింది."

అత్తగారి చెప్పులు మర్నాడు కుట్టించి, ఎర్ర కాగితం చుట్టి ఆయనే తెచ్చిచ్చాడు. ఆఫీసు మాత్రం ఆ కథని ఏడాది పొడుగునా వదల్లేదు. "బాబాయ్, ఇవాళ పువ్వుల జత వేసుకురాలేదా?" అని రోజుకొకడైనా అడిగేవాడు. "ఎండకి రంగు పోతుందని ఇంట్లోనే ఉంచాను" అని ఆయన మామూలుగా జవాబు చెప్పేవాడు. ఒక్కసారి కూడా లేబుళ్లమ్మాయి వైపు చూడలేదు.

మళ్లీ డిసెంబరు వచ్చింది. బిస్కెట్ల డబ్బాలోంచి లేబుళ్లమ్మాయికి అకౌంటెంటు చీటీ వస్తే, గోడౌను గుమాస్తా వెంటపడి, వారం రోజులు తన వంతు టీ అతనికిచ్చి, అతని చేతిలోని బాబాయి చీటీతో మార్చుకుంది. పంపకం రోజు కుప్పంతా అయిపోయి, ఒక్క ఎర్ర పొట్లం మిగిలింది. బాబాయి చెయ్యి చాచబోతే ఆమె ముందు తీసేసుకుంది.

"ఇది నేను చెబుతాను" అంది. చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. "చెప్పులు బాబాయ్. కొత్తవి. తొమ్మిదో నంబరు. తాత చేత ప్రత్యేకంగా కుట్టించినవి. పువ్వులు కూడా ఉన్నాయి, గులాబీరంగువి."

అందరూ గొల్లుమన్నారు. ఆమె మాత్రం పొట్లం ఇవ్వకుండా, జారని రిబ్బనుని సరిచేస్తూ నిలబడింది.

"అరనిమిషం ఇస్తున్నాను. ముఖం సర్దుకోండి."

బాబాయి సర్దుకోవడానికి చాలా ప్రయత్నించాడు. అకౌంటెంటు గడియారం చూసి, అరనిమిషమైందన్నాడు. "ఇంకో అరనిమిషం ఇవ్వమ్మా" అన్నాడు బాబాయి, గోడ వైపు తిరిగి.