మంచివాడంటే మండిపడే మా బావ

మా బావకి మంచివాడు అనిపించుకోవడమంటే చచ్చేంత భయం. ఎవరికి ఏ మేలు చేసినా "ఇందులో నా లాభం నాకుంది" అని చెప్పి తీరాల్సిందే. వానలో తడుస్తున్న వాచ్‌మన్‌కి తన గొడుగు ఇచ్చేసి, "వాడికి జ్వరమొస్తే గేటు నువ్వు కాస్తావా?" అని నామీద విరుచుకుపడ్డాడు. చివరికి జ్వరం బావకే వచ్చింది. మా అక్క పెళ్లిచూపులకు వచ్చిన రోజున కూడా, ఈ ఇల్లు తన లాండ్రీకి దగ్గర కాబట్టే ఒప్పుకుంటున్నానని మా నాన్న ముఖం మీదే చెప్పిన మనిషి.

ఆ లాండ్రీలోనే నా ఉద్యోగం. హోటళ్ల దుప్పట్లూ ఆసుపత్రి దుప్పట్లూ ఉతికి, ఇస్త్రీ చేసి పంపిస్తాం. మడతల బల్ల దగ్గర మాత్రం ఎవరూ నిలిచేవారు కాదు. వచ్చేవారు, పని నేర్చుకునేవారు, వెళ్లిపోయేవారు. మళ్లీ మళ్లీ నేర్పలేక నా ప్రాణం విసిగిపోయేది.

అలాంటప్పుడు బావ చిన్నక్క అనే ఆవిడను పనికి తీసుకొచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి. వయసుతోపాటు బుద్ధి ఎదగలేదని డాక్టర్లు చిన్నప్పుడే చెప్పారట. చదవడం రాదు, కొత్త పని పట్టుబడాలంటే చాలాకాలం పడుతుంది. పుణ్యం కట్టుకుంటున్నావు బావా అన్నాను. నన్ను పురుగును చూసినట్టు చూశాడు.

"పుణ్యమా పాడా! ఈవిడ నేర్చుకుందంటే మానదు. నా లాభం నేను చూసుకుంటున్నాను."

ఆమె నేర్చుకునేసరికి మాకు తాతలు దిగివచ్చారు. తొందరపెడితే మడతపెట్టిన దుప్పటి విప్పేసి మొదటినుంచి మొదలుపెట్టేది. లారీ డ్రైవరు హారన్ కొట్టాడని ఒకసారి దొంతరంతా విప్పేసింది. ఆ తర్వాత అతను మా వీధిలోకి పిల్లిలా వచ్చేవాడు.

చదవడం రాదు కాబట్టి ఆమెకోసం బావ మూటలకు రంగు పీలికలు కట్టించాడు. ఆసుపత్రికి ఎరుపు, హోటల్‌కి నీలం. దాంతో మా అందరి పొరపాట్లూ ఆగిపోయాయి. అంతకుముందు కొత్త దంపతుల గదికి ఆపరేషన్ థియేటర్ ముద్ర ఉన్న దుప్పటి పంపి, హోటల్ మేనేజరు చేత నానా మాటలు పడ్డాం. ఇప్పుడు ఆ మేనేజరే ఇంకో రెండు హోటళ్ల పని ఇప్పించాడు. చూశావా లాభం అని బావ రోజూ నన్ను దెప్పేవాడు, అదీ చిన్నక్కకు వినపడేంత గట్టిగా.

ఒకరోజు చిన్నక్క అన్నయ్య వచ్చాడు. మర్యాదస్తుడు. చెల్లెల్ని రేపటినుంచి మాన్పిస్తానన్నాడు. మీరు దయగలవారు కాబట్టి ఇన్నాళ్లూ భరించారు, మీ మంచితనాన్ని ఇంకా వాడుకోవాలంటే మాకే సిగ్గుగా ఉందన్నాడు. చిన్నక్క చేతిలో దుప్పటి అలాగే ఆగిపోయింది. ఈ పని పోతే ఆమెకు మిగిలేది ఇంట్లో కిటికీ పక్కన కుర్చీ ఒక్కటే.

బావ ముఖం కందగడ్డలా అయింది.

"ఎవరండీ దయగలవాడు? ఆవిడ మానేస్తే మునిగేది నేను. కొత్తవాడికి నేర్పాలి, వాడు పోతే ఇంకొకడికి నేర్పాలి. ఈవిడ వల్ల నాకు లాభం. కావాలంటే వీణ్ణి అడగండి."

నేను తలూపాను. అందులో అబద్ధమేమీ లేదు.

చిన్నక్క బల్ల వదిలి వచ్చింది.

"సారూ, నావల్ల లాభమేనా?"

"లాభమే."

"అయితే జీతం పెంచండి."

బావ కుదరదన్నాడు. ఎందుకు కుదరదంది. కరెంటు ఖర్చు పెరిగిందన్నాడు. నేను కరెంటుతో మడతపెట్టనంది. కాస్త పెంచుతానన్నాడు. చాలదంది. మిషన్ల దగ్గరివాళ్లు అడిగితే ఎలా ఏడుస్తాడో ఆమె ముందూ అలాగే ఏడ్చి, చివరికి ఆమె అడిగినంతకీ ఒప్పుకున్నాడు. అన్నయ్య కన్నార్పకుండా చూశాడు. చెల్లెలి చేతిలో ఏదో ఒకటి పెట్టి వెళ్లేవాళ్లే గానీ, ఆమెతో ఇలా గీసి గీసి బేరమాడినవాణ్ణి అతను ఎన్నడూ చూసి ఉండడు.

నేను బావను పక్కకు లాగి, ఇన్నాళ్లలో ఆమె గురించి ఒక్క మంచిమాట అంటే నీ సొమ్మేం పోయేదని అడిగాను.

"జాలిపడి పెట్టుకున్నానని తెలిస్తే ఆవిడ నోరు విప్పి అడిగేదా?" అన్నాడు మెల్లగా.

ఆ మాటకు నేను బావను కావలించుకోబోయాను. ఇస్త్రీ చొక్కా నలుగుతుందని తోసేశాడు.

ఇంతలో అన్నయ్య మడతల బల్ల దగ్గరికి వెళ్లాడు. రేపు ఎన్నింటికి దింపమంటావని బావను కాదు, చెల్లెలినే అడిగాడు.

"పనిలో ఉన్నాను కదా అన్నయ్యా, ఇంటికొచ్చాక చెప్తాలే" అంది చిన్నక్క, తలెత్తకుండా.