పెద్దాయన పుర్రెతో కల్వకుర్తికి

మా ముత్తాత భూపతిరావు తిరుమలగిరి వైపు నాలుగు ఊళ్ళకు శిస్తు వసూలు చేసే మక్తేదారు. తాత సీతాపతిరావు గుర్రం దిగకుండానే తగాదాలు తీర్చేవాడని చెప్పుకునేవారు. వాళ్ళిద్దరికంటే పైన మా ఇంట్లో ఇంకొక పెద్దాయన ఉండేవాడు. ఆయనకు పేరు లేదు. మా చెలకలో వలయంగా పాతిన పెద్ద రాళ్ళ కింద, ఒక ఇనుప కత్తి పక్కన తాతకు దొరికాడు. ఊరివాళ్ళు వాటిని రాకాసి గుండ్లంటారు. తాత మాత్రం అది మా వంశ మూలపురుషుడి సమాధి అన్నాడు. కత్తి ఎటో పోయింది. పుర్రె చెక్కపెట్టెలో మిగిలింది.

ఇప్పుడు మాకున్న భూమి ఆ చెలక ఒక్కటే. కంకర మిషన్ వాళ్ళు దాన్ని అడుగుతున్నారు. తమ్ముడు మాధవ్ అమ్ముదామంటాడు. పుర్రె మా పెద్దలదేనని తేలితే అమ్మేది లేదని, తేలకపోతే సంతకం పెడతానని అతనికి మాట ఇచ్చాను. ఆ రోజుల్లోనే, పాత ఎముకల నుంచి డీఎన్‌ఏ తీసి మనుషుల గతం తెలుసుకునే పద్ధతులను కల్వకుర్తిలోని ఒక కాలేజీలో మూడు రోజులు నేర్పుతారని పేపర్లో చూశాను. ఎవరి దగ్గరైనా పాత ఎముకలుంటే తెచ్చి చూపవచ్చని కూడా అందులో ఉంది.

పొద్దున్నే తిరుమలగిరిలో బస్సెక్కాను. ఆడవాళ్ళకు టికెట్ లేదు కనుక సీట్లన్నీ వాళ్ళతో నిండాయి. మోత్కూరు దాటే దాకా నిలబడే ప్రయాణం. రామన్నపేటలో దిగి మేనత్త ఇంటికి వెళ్ళాను. మా పాత దొరల బంగ్లా, గడి, అమ్మినప్పుడు పెట్టెను ఆమే తెచ్చుకుంది. జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. నేను తింటుంటే పెట్టెను దూరం నుంచే చూపించింది.

"ఏటా పెద్దలకు పెట్టే పెత్రమాసకు పసుపునీళ్ళతోటి కడిగించి, పాలు పోయించి, నూనె రాయించినం. గడిల ఉన్నప్పుడు గదే, గీడ గదే. ఒక్క ఏడు తప్పలేదు," అంది గర్వంగా.

నాకూ గర్వంగానే అనిపించింది. నువ్వే కడిగేదానివా అని అడిగాను.

"నేనెందుకు ముడతరా? మైల కాదు? పనోళ్ళతోటి కడిగిస్తిమి. మీ తాత గూడ దూరంకెల్లి దండం పెట్టేటోడు."

చిట్యాల మీదుగా నల్లగొండ చేరేసరికి మధ్యాహ్నమైంది. బస్టాండు ఎదురుగా టీ తప్ప నోట్లో పెట్టుకోదగింది కనిపించలేదు. దేవరకొండ మీదుగా కల్వకుర్తి వెళ్ళే బస్సులో కిటికీ సీటు దొరికింది. పక్కన ఒక గొర్లకాపరి, డిండి దగ్గర దిగేవాడు. ఒళ్ళో పెట్టెను చూసి చూసి, ఏం పట్టుకపోతున్నవని అడిగాడు. మా పెద్దాయన అన్నాను. మూత కొంచెం తీసి చూపించాను.

అతను భయపడలేదు. "మరి పెద్దమనిషికి టికెట్ తీసినవా సారూ? చెకింగ్ వస్తే ఇద్దరికీ తిప్పలే," అన్నాడు.

ముందు సీటులోని ఆడవాళ్ళు నవ్వారు. నేను మూత వేశాను. దేవరకొండ దాటాక కిటికీ బయట ఎండిన పత్తి, బోడిగుట్టలు. కొన్ని గుట్టలకు సగం లేదు. కంకర కోసం కోసిన చోట రాయి పచ్చిగా కనిపించింది.

చీకటి పడుతుండగా కల్వకుర్తిలో దిగాను. లాడ్జి బస్టాండుకు దగ్గరే కానీ నీళ్ళు పొద్దునొక్క పూటే వస్తాయి. వెళ్ళేవాళ్ళు బకెట్ నింపి పెట్టుకోవాలి.

మర్నాడు కాలేజీలో పాఠం చెప్పింది సుగుణ మేడం. ఆ పక్క ఊరి పిల్లే. అమ్మానాన్నలు కూలిపని చేసి చదివించారని ఆమే చెప్పింది. మొదటి రోజంతా ఎముకను ముట్టకుండా ఉండడమే నేర్పింది. చేతులకు రెండు జతల తొడుగులు, మూతికి మాస్కు, తలకు టోపీ. బల్లను బ్లీచింగు నీళ్ళతో తుడవాలి. మన తుంపర ఒక్కటి పడినా పాత మనిషి బదులు మనమే బయటపడతామంది. అందుకే మా అందరి బుగ్గల లోపల దూదిపుల్లతో తుడిచి దాచింది. రేపు మా డీఎన్‌ఏ దొరికితే గుర్తుపట్టి పక్కన పెట్టడానికి.

రెండో రోజు మటన్ కొట్టు నుంచి మేక తలలు తెప్పించింది. పుర్రెలో చెవి లోపలి ఎముక అన్నిటికంటే గట్టిది. డీఎన్‌ఏ మిగిలితే అందులోనో పళ్ళ వేళ్ళలోనో మిగులుతుంది. మన ఎండలకు అదీ అరుదే. దాన్ని సన్నటి డ్రిల్లుతో మెల్లగా పొడి చేయాలి, వేడెక్కితే పాడవుతుంది. ఎముక వేయని ఖాళీ గొట్టాన్ని కూడా పక్కనే అదే పద్ధతిలో పరీక్షించాలి. అందులో డీఎన్‌ఏ వస్తే తప్పు మనది. గదంతా కాలిన కొమ్ము వాసన. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

మూడో రోజు నా పెట్టె తెరిచాను. పసుపు, నూనె వాసన వచ్చింది. ఆమె చేతులు పుర్రె దగ్గర దాకా వెళ్ళి ఆగిపోయాయి.

"సార్, దీన్ని ఎవరన్న కడిగిన్రా?"

ఏటా పనివాళ్ళతోనే కడిగించామని చెప్పాను. తడిపి ఎండబెట్టిన ప్రతిసారీ ఉన్న డీఎన్‌ఏ కొంత పోయి ఉంటుందని, కడిగిన చేతులది లోపలికి ఇంకి ఉంటుందని ఆమె చెప్పింది. ఆ చేతులు ఎవరివో చెబితే, వాళ్ళ పిల్లల నుంచైనా దూదిపుల్లలు తీసుకుని వేరు చేసి చూస్తానంది. పేర్లు అడిగింది.

బయటికి వచ్చి అత్తకు ఫోన్ చేశాను. "గడిల పనిచేసినోళ్ళు పది మంది ఉంటిరి. అందరి పేర్లు ఎవరికి యాదికుంటయ్‌రా?" అంది.

తిరిగి వెళ్ళి అదే చెప్పాను. మా ఇంటివాళ్ళ చేతుల ఆనవాలైనా అందులో దొరకదా అని అడిగాను.

"మీరు ముట్టనే లేదు గద సార్," అంది. అందులో ఎత్తిపొడుపు లేదు. ఫలితం రాదని తెలిసి ఎముకను పొడి చేయలేనని పెట్టె మూసింది.

అప్పుడు, తవ్వని గుండ్లు ఇంకేమైనా ఉన్నాయా అని అడిగింది. అదే చెలకలో తాత తవ్వింది కాక ఇంకా మూడు వలయాలున్నాయి. ఎవరూ ముట్టలేదు. ఆమె ముఖం వెలిగింది. అనుమతి తెచ్చి తవ్వుదామని, ఎముకలు మిగలకపోయినా మట్టిలో డీఎన్‌ఏ ఉందేమో పరీక్షిద్దామని చెప్పింది.

"అందులో మా వంశం తేలుతుందా?"

"అంత పాత మనిషి ఒక్క ఇంటికే తాత కాడు సార్. ఆయన పిల్లలు బతికుంటే గీ సుట్టుపక్కల అందరికీ తాతనే. మీకూ, మీ చెలకల కలుపు తీసినోళ్ళకూ, మా అవ్వకూ. జర ఆగుండ్రి, అమ్మకుండ్రి."

తేలకపోతే అమ్ముతానని తమ్ముడికి మాట ఇచ్చానన్నాను.

తిరుగు ప్రయాణంలో రామన్నపేటలో దిగి పెట్టెను అత్తకు అప్పగించాను. ఇక కడిగించవద్దన్నాను. "కడగకుంటే ఆయన ఊకుంటడా?" అంది.

ఈ విద్య నేర్వడానికి కల్వకుర్తి వెళ్ళేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒకటే. మీ చెలకలో ఎముక కనిపిస్తే నీళ్ళు చూపించకండి, చేత్తో ముట్టకండి, ఉన్నచోటే ఉంచి తెలిసినవాళ్ళను పిలవండి. రామన్నపేట దాటాక బస్సులో కూర్చోవడానికి చోటు దొరికింది. ఒళ్ళో ఏమీ లేకుండా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆ వారంలోనే రిజిస్ట్రేషన్ అయింది. చెలకను కంకర మిషన్ వాళ్ళకు అమ్మాం. తవ్వని మూడు వలయాలు కూడా అందులోనే పోయాయి.