మామ నడపని ఇంజన్

డీజిల్ ఇంజన్ వచ్చాక, మరాఠీ గడ్డ మీది మా లాల్‌పేట్ బొగ్గు గని పట్టాల సైడింగ్‌లో రెండు ఆవిరి ఇంజన్లు మూలన పడ్డాయి. అందులో పాతదాన్ని మా మామ, అంటే నా భార్య తండ్రి, నౌకరీ ఉన్నన్నాళ్లూ నడిపాడు. రెండోది దాని తర్వాత ఎన్నో ఏళ్లకు వచ్చింది. నేను అదే షెడ్డులో ఫిట్టర్‌ని.

ఆర్థిక సంస్కరణలంటూ సర్కారు కొత్త దారి పట్టిన రోజులవి. చూస్తుండగానే పాత యంత్రాలు తుక్కు కింద వేలానికి పోతున్నాయి. అలాంటప్పుడు పాత ఇంజన్‌ను కాపాడి, ఆఫీసు ముందర చిన్న మ్యూజియంలా పెడతామని గని మేనేజర్ సాహెబ్ అంటే నాకు సంతోషమే అయింది. తీరా చూస్తే దాని బాయిలర్ తుప్పు పట్టి చిల్లులు పడి ఉంది. సాహెబ్ దాని చుట్టూ ఒకసారి తిరిగి, "దీని నంబరు పలక తీసి రెండోదానికి బిగించు. చూసేవాళ్లకేం తెలుస్తుంది?" అన్నాడు హిందీలో.

బిగించాను. పది నిమిషాల పని. ఆ వారమంతా మాత్రం ఒక్కచోట కుదురుగా కూర్చోలేకపోయాను. కంచం ముందునుంచి లేచి వాకిట్లోకి, వాకిట్లోంచి మళ్లీ లోపలికి. ఎందుకంటే ప్రారంభం రోజు ఇంజన్‌కు దండ వేయడానికి పిలిచింది మామనే. ఆయన పాత ఖాకీ చొక్కా ఇస్త్రీ చేయించి, వచ్చినవాళ్లకల్లా చూపిస్తున్నాడు.

ఆ రోజు పొద్దున చెప్పేశాను.

"మామా, అది నీ బండి కాదు. నంబరొక్కటే నీది. నేనే మార్చిన."

సాసర్‌లో చాయ్ పోసుకుంటున్నవాడు ఆగాడు. "మరి నా బండి యాడున్నది?"

"తుక్కుల. సగం కోసేసిండ్రు."

"వారం కింద చెప్తే ఒక్కసారన్న పోయి చూసొస్తుంటి గద అల్లుడా," అన్నాడు. చాయ్ ముట్టలేదు.

అయినా వచ్చాడు, దండ వేశాడు. మైకు చేతికివ్వగానే మరాఠీలో, "ఇది నా బండి కాదు. నాది కోసేశారు," అన్నాడు. ముసలాయన మతిమరుపు అనుకుని అందరూ నవ్వారు. సాహెబ్ ఆయన భుజం తట్టాడు. జనంలో నేనున్నాను. రెండడుగులు ముందుకు వేసి, మళ్లీ జనంలోకే వెనక్కి జరిగాను.

మర్నాడు షిఫ్టు మొదలుకాగానే స్పానర్ తీసుకుపోయి పలక విప్పాను. తీసుకెళ్లి సాహెబ్ టేబుల్ మీద పెట్టాను. మధ్యాహ్నానికి ఇంకో ఫిట్టర్ దాన్ని మళ్లీ బిగించాడు, నా చేతికి సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది. జరిగింది జరిగినట్టు నాకొచ్చిన మరాఠీలో రాసిచ్చాను. జవాబు రాలేదు.

అప్పటినుంచి ఆ పలక కంటబడకుండా వెనక గేటు నుంచే పనికి పోసాగాను. మామ అలా కాదు, బజారుకు వచ్చినప్పుడల్లా ఆ ఇంజన్ దగ్గర ఆగుతాడు. ఒకరోజు షెడ్డుకొచ్చి నన్నే తిట్టాడు.

"నా బండి గాకుంటేంది, గదన్న మిగిలింది. చక్రాలకు తుప్పు పడ్తుంది, జర నూనె రాయరాదు?"

"మరి పలక సంగతేంది మామా?"

"అది నీ పంచాయితీ. నువ్వే తేల్చుకో."

నూనె రాస్తున్నాను. కొత్త సాహెబ్ వచ్చినప్పుడల్లా ఆ పలక తీయించమని ఒక అర్జీ కూడా రాస్తున్నాను.