అత్త శాలువాకు చివరి వరుస

మా మేనత్త పోయిందని నాయన ఫోన్ చేసినప్పుడు నేను మార్కాపురంలో, పనిచేసే కాలేజీలో లైబ్రరీ తాళం తీస్తున్నాను. పొద్దున కాఫీ తాగి, కుర్చీలో వెనక్కి వాలి, అలాగే పోయిందట. ఏడవాల్సిన ఆ క్షణంలో నా నోటి నుంచి వచ్చిన మాట ఇది:

"పక్కన ఎవరున్నారు నాయనా?"

"పక్కింటి ఎస్తేరు ఉండింది మా. నోట్లో నీళ్లు పోసింది ఆ పిల్లే."

దుఃఖం కంటే ముందు అసూయ వచ్చింది. రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ అత్త గురించి రాస్తూ దీన్ని దాచిపెడితే ఆమెకు నచ్చదు. ఒక్క కుట్టు తప్పినా పది వరుసలు వెనక్కి ఊడదీయించే మనిషి ఆమె.

అత్త గిద్దలూరులో కాన్పుల వార్డు నర్సుగా పనిచేసి రిటైరయింది. పెళ్లి చేసుకోలేదు. ఎక్కడో చలి కొండల్లో ట్రైనింగు చేస్తున్నప్పుడు ఊలు అల్లడం నేర్చుకుని, ఆ సూదులతోనే ఊరికి తిరిగొచ్చింది. "మన ఎండలకు ఊలు టోపీలేంది నర్సమ్మా" అని వీధిలో ఆడవాళ్లు నవ్వేవారు. "పుట్టిన బిడ్డకు గిద్దలూరు ఎండ సంగతేం తెలుసు? దానికి తెలిసింది తల్లి కడుపులో వెచ్చన ఒక్కటే" అనేది అత్త, తల ఎత్తకుండా.

ఆమె దగ్గర నేర్చుకునేవాళ్లకు ఒక కట్టుబాటు ఉండేది. ఒక పని పూర్తయితే దాన్ని మనమే వార్డుకు తీసుకుపోయి, పుట్టిన బిడ్డకు మన చేత్తో తొడిగి రావాలి. అప్పుడే తరువాతి పని చెప్పేది. మొదట టోపీ. దాని తరువాత మడమ తిరిగే మేజోళ్లు. ఆపైన మామూలు స్వెటరు, తరువాత జడ అల్లిక స్వెటరు. అన్నిటికీ చివర చిల్లుల శాలువా.

కాన్వెంటు హాస్టలు నుంచి సెలవులకు అత్త దగ్గరికి వచ్చినప్పుడు నేను టోపీ మొదలుపెట్టాను. పుస్తకంలో బొమ్మ చూసి, కుట్లు లెక్కపెట్టి అల్లాను. ఎక్కడా తప్పులేదు. కానీ వార్డు గుమ్మం దాకా పోయి, లోపల మంచాల మీద తెలియని ముఖాలు చూసి వెనక్కి వచ్చేశాను. మళ్లీ ఇంకో టోపీ అల్లాను. అలా ఏడు టోపీలు అయ్యాయి. ఒక్కటీ గుమ్మం దాటలేదు.

ఆ ఏడాదే అత్త పక్కింట్లోకి ఎస్తేరు వాళ్లు వచ్చారు. తల్లీ తండ్రీ మిరప చేలలో కూలికి పోతే, ఆ పిల్ల మా అత్త అరుగు మీద ఉండేది. నాకంటే రెండేళ్లు చిన్నది. అత్తను పెద్దమ్మా అని పిలిచేది. ఆమె మొదటి టోపీ ఒక పక్కకు ఒరిగి ఉంది. మరునాడే దాన్ని ఎవరి బిడ్డకో తొడిగి, నవ్వుతూ వచ్చింది.

"పెద్దమ్మా, ఆ బిడ్డ అవ్వ నన్ను మంచం మీద కూర్చోబెట్టుకుని టీ తాపించింది."

అత్త ఆ రోజే ఆమెకు మేజోళ్లు చూపించింది. నేను లోపల గదిలో పుస్తకం తెరిచి కూర్చున్నాను. ఒక్క పేజీ తిరగలేదు.

"ఊలు పారిపోదులే కోడలా, ఎందుకట్ల దాని గొంతు పట్టుకుంటావు?" అనేది అత్త నా వేళ్లు చూసి. నా అల్లిక బిగుతు. ఎస్తేరుది వదులు. ఆ పిల్ల తప్పులన్నీ అత్తే ఆమె పక్కన కూర్చుని ఊడదీసేది. నా అల్లికలో తప్పులుండేవి కావు కాబట్టి నా పక్కన కూర్చునేది కాదు. ఒకసారి కావాలనే రెండు కుట్లు జారవిడిచాను. అత్త చూసి, "నీకు తెలుసు కదా, నువ్వే సరిచేసుకో" అని లేచిపోయింది.

డిగ్రీలో చేరిన ఏడాది చివరికి వార్డులోకి పోయాను. అత్త గేటు దగ్గరే ఆగింది. నా టోపీ ఆ బిడ్డ తలకు ఎక్కలేదు. బిడ్డ అమ్మమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇది నిమ్మకాయకు సరిపోతాది పాపా" అంది. వార్డంతా నవ్వింది. పరుగెత్తాలనిపించింది. ఎందుకో పరుగెత్తలేదు. వరండాలో కూర్చుని మొత్తం ఊడదీసి మళ్లీ అల్లాను. మరునాడు ఎక్కింది. మేజోళ్లకు ఒక ఏడాది, స్వెటరుకు ఇంకొకటి పట్టింది. జడ అల్లిక మొన్నటి చలికాలంలో ముగించాను. అప్పటికి ఎస్తేరు కూడా జడ అల్లిక ముగించి, నా కోసం ఆగినట్టు అక్కడే ఉంది. శాలువా ఒక్కటే మిగిలింది.

"నా చేతిలో శాలువా అయినాక మీలో ఒకరికి నేర్పిస్తా" అంది అత్త. ఎవరికో చెప్పలేదు. ఆ ఒక్కరూ నేనే కావాలని ప్రతి ఆదివారం చర్చిలో ప్రార్థించాను. ఎస్తేరు పక్కనే కూర్చునేది.

నేను గిద్దలూరులో అత్త ఇల్లు చేరేసరికి పన్నెండు దాటింది. అత్త శాలువా సూదుల మీదే ఉంది. ఇంకా ఆరు వరుసలు, ఆపైన కుట్లు సూది నుంచి దించి మూసే వరుస. "దీన్ని ఆమె మీదే కప్పుదాం. నాలుగింటికి పెట్టె కదలాల" అంది అమ్మ.

అత్త రాసుకున్న నోటుబుక్కు ఇంగ్లీషులో ఉంది. నేను చదవగలను. ఎస్తేరు చదవలేదు. ఎస్తేరు చెయ్యి వేగం. నాది కాదు. నోటుబుక్కు ఒళ్లో పెట్టుకుని కొంతసేపు ఊరకే కూర్చున్నాను. మూడు గంటల్లో నేనొక్కదాన్ని ముగించలేను. అది తెలిసినా కూర్చున్నాను.

"చదువక్కా" అంది ఎస్తేరు, కళ్లు తుడుచుకుంటూ.

జనంతో నిండిన ఇంట్లో, తెలుగు చేసి గట్టిగా చదివాను. రెండు మామూలు, ఒకటి చుట్టు, రెండు కలిపి. ఆమె వేళ్లు నా మాట వెంట పోయాయి. ఆరు వరుసలు అయ్యాక సూదులు నా వైపు జరిపింది. "మూసేది నువ్వెయ్యి. నీకు రక్తసంబంధం."

మూశాను. విప్పి చూస్తే అంచు సంచి మూతిలా ముడుచుకుపోయింది. పాదాల దాకా రావడం లేదు. పాస్టరుగారు బైబిలు పట్టుకుని నిలబడ్డారు.

"టైమయిపోతాంది పాపా" అన్నాడు నాయన.

"ఇటియ్యక్కా, నేనేస్తా. చిటికెలో అయితాది."

"నేనే వేస్తా. కొంచెం ఆగండి" అన్నాను. నలుగురిలో నా గొంతు అంత పైకి లేవడం అదే మొదలు.

"మట్టిలోకి పోయేదానికి ఇప్పుడేం ఊడదీతలే తల్లీ" అంది ఒక ముసలామె.

"మట్టిలోకే పోనీ అవ్వా. బిగుసుకుపోయి పోకూడదు."

వాళ్లు ఒక పాట పాడారు. అది అయిపోయింది. ఇంకొకటి ఎత్తుకున్నారు. నేను ఆ అంచు ఊడదీసి, ఒక్కో కుట్టూ వదులుగా, దారం తనంతట తను జారేలా మూశాను. కప్పితే అంచు పాదాలు దాటి పరుచుకుంది. ఎస్తేరు వంగి, కాళ్లకింద దాన్ని సర్దింది. వార్డులో బిడ్డల్ని అలా చుట్టడం ఆమెకు అలవాటు. నాకు తోచనైనా లేదు. మళ్లీ ఒళ్లు మండింది.

పెట్టె మూత వేసినప్పుడు శాలువా అంచు ఒక వేలెడు బయట ఉండిపోయింది. నేను నడిచే వైపే. లోపలికి తొయ్యమని ఎవరికీ చెప్పలేదు. సమాధుల తోట దాకా దాన్నే చూస్తూ నడిచాను. రైలు గేటు దగ్గర అందరం ఆగినప్పుడు ఎస్తేరు అవతలి వైపు నుంచి చుట్టు తిరిగి వచ్చింది. ఆ అంచును చూసి, నా పక్కన నిలబడింది. కాసేపు జరగలేదు నేను. తరువాత చోటిచ్చి జరిగాను. మోసేవాళ్ల ప్రతి అడుగుకూ ఆ తెల్లటి చిల్లుల అంచు మా ఇద్దరి ముందు పైకీ కిందికీ ఊగుతూ పోయింది.