బురుల్సున్ పెట్టిన టిక్కులు

కిర్గిజ్ కొండల్లోని అక్‌బెల్ ఆసుపత్రిలో, ఆపరేషన్ వార్డు నర్సు బురుల్సున్‌ది ఇరవై ఏడేళ్ళ సర్వీసు. ఎవరికీ దొరకని నరం ఆమె వేలికి దొరికేది. చేతిరాత ముత్యాల్లా ఉండేది. అందుకే తనిఖీ అంటే చాలు, వార్డు కాగితాలన్నీ ఆమె ముందుకే వచ్చేవి. టీ తాగుతూ నెలరోజుల జ్వరాల పట్టిక ఒక్క పూటలో నింపేసేది. కాగితం పైవాళ్ళ కోసం, రోగి మన కోసం అనుకునేది. అందులో తప్పుందని ఎన్నడూ తోచలేదు.

ఆ వసంతంలో హెడ్ నర్సు మరాపత్ కొత్త పద్ధతి పెట్టింది. కదల్లేని రోగిని, ఒరిగిన చోట పుండు పడకుండా, రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. తిప్పినప్పుడల్లా మంచానికి కట్టిన కాగితం మీద టిక్కు పెట్టాలి. వారానికోసారి నర్సులూ ఆయాలూ కలిసి కూర్చుని ఎవరికి పుండు పడింది, ఎందుకు పడింది అని మాట్లాడుకోవాలి.

బురుల్సున్ డ్యూటీ ఎక్కగానే సాయంత్రం వరకూ టిక్కులన్నీ ఒకేసారి పెట్టేసేది. తిప్పాలనే అనుకునేది. ఇంజక్షన్లూ, కట్లూ, కొత్త రోగులూ అంటూ గంటలు జారిపోయేవి.

ఏడో మంచం మీద తుంటి విరిగిన గొర్రెలకాపరి ఎసెన్‌గుల్ ఉండేవాడు. ఆయన నడుం కింద ఎర్రమచ్చ తేలి, నాలుగు రోజుల్లో అరచేయంత పుండయింది.

"కాగితం నిండా టిక్కులే! మరి ఈ పుండెక్కడిది?" అని సమావేశంలో మరాపత్ అడిగింది.

"పక్క తడిగా వదిలేస్తే తిప్పి ఏం లాభం? దుప్పట్లు మార్చేది జూరాయేగా" అంది ఒక నర్సు.

ఆయా జూరా ముఖం పాలిపోయింది. "రోజుకి మూడుసార్లు మారుస్తున్నానమ్మా! బురుల్సునక్కా, నువ్వు చూశావుగా, చెప్పు."

బురుల్సున్ తల దించుకుని టీ గిన్నెలోకి చూస్తూ కూర్చుంది. మర్నాడు జూరాని బట్టలుతికే గదికి మార్చారు.

ఆ మధ్యాహ్నమే ఎసెన్‌గుల్ భార్య అసిల్‌కాన్ నూనెలో వేయించిన వేడి బోర్సోకు రొట్టెల మూట తెచ్చి బురుల్సున్ చేతిలో పెట్టింది. "మా ఆయనకి నీ చెయ్యే మెత్తగా ఉంటుందట తల్లీ. ఆ పనిదొంగ ఆయా పోయింది, పీడా వదిలింది."

బురుల్సున్‌కి చెవులు కాలిపోయాయి. ఒకటి కొరికి మూట మళ్ళీ కట్టేసింది. ఆ వారమంతా ఉతికే గది ముందునుంచి వెళ్ళలేక, మెట్లెక్కి చుట్టూ తిరిగి వచ్చేది.

తరువాతి సమావేశంలో మరాపత్ నోరు తెరవకముందే బురుల్సున్ లేచి నిలబడింది.

"ఆ టిక్కులు పొద్దున్నే పెట్టేశాను. ఆయన్ని తిప్పలేదు."

"అసలు తిప్పనేలేదా?" అంది మరాపత్.

"రోజుకోసారి. ఒక్కోరోజు అదీ లేదు."

"జూరా మాటలు పడుతుంటే చూస్తూ కూర్చున్నావా?"

"కూర్చున్నాను."

మరాపత్ అందరివైపూ తిరిగి, "ఇంకా ఎవరెవరు ముందే పెడుతున్నారు?" అంది. ఒక్కొక్కటిగా నాలుగు చేతులు లేచాయి.

"నిన్ను చూసే నేర్చుకున్నాం అక్కా" అంది జూరా మీద నేరం మోపిన నర్సే. అది ఎత్తిపొడుపు కాదు, ఉన్నమాట.

అందరి ముందూ మరాపత్ జూరాని క్షమాపణ అడిగి వార్డుకి తీసుకొచ్చింది. తిప్పడం ఇద్దరి పని అయింది. ఇద్దరూ సంతకం చేయాలి, ఆయా చేతికీ పెన్ను వచ్చింది. బురుల్సున్‌కి జతగా జూరా పడింది. "పట్టు," "మోకాలి కింద చెయ్యి పెట్టు," ఇంతకు మించి నెలరోజులు జూరా ఆమెతో మాట్లాడలేదు.

పుండు మానడానికి వేసవి వరకూ పట్టింది. ఎసెన్‌గుల్‌ని ఇంటికి పంపే రోజు బురుల్సున్ అసిల్‌కాన్‌ని వరండాలోకి పిలిచి జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆ ముసలామె తలగుడ్డ సర్దుకుంది.

"ఆ ఆయాని ఊరంతా తిట్టుకుంటూ తిరిగాను నేను. ఇప్పుడు ఏ ముఖంతో పలకరించను?" అంది.

ఇద్దరూ కలిసే జూరా దగ్గరికి నడిచారు.